తెలుగు సంధి సూత్రాల పరీక్షకు ప్రోలాగ్ నోట్‌బుక్: అవకాశాలు, పరిమితులు

వ్యాససంగ్రహం:
వివరణ, ప్రోగ్రాం, ఫలితం అనే మూడింటినీ ఒకే పత్రంలో ఉంచి, చదివే వ్యక్తి కూడా నడిపి చూసుకునే వీలు కల్పించేవి ఇంటరాక్టివ్ కంప్యూటింగ్ నోట్‌బుక్‌లు. పైథాన్, ఆర్ వంటి బహుళ ప్రచారం గల భాషలలో వీటి వాడకం సర్వసాధారణమైంది. తక్కువమంది వాడే ప్రోలాగ్ భాషలో నోట్‌బుక్ ఎలా పనిచేస్తుందో, తెలుగు సంధి సూత్రాలను పరీక్షించడానికి అది ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉకార, ఇకార సంధులను ఉదాహరణలుగా తీసుకొని, సూత్రాన్ని నియమంగా రాసే క్రమంలో బయటపడే అంశాలను, తెలుగు లిపి వల్ల ఏర్పడే ప్రత్యేక సమస్యలను, పునఃపరీక్షకు కావలసిన జాగ్రత్తలను చర్చిస్తుంది.

కీలకపదాలు: నోట్‌బుక్, ప్రోలాగ్, స్విష్, జుపిటర్, సంధి, వైకల్పికం, బహుళం, పునఃపరీక్ష.

1. ఉపోద్ఘాతం:

వ్యాకరణ విషయాలపై వచ్చే సిద్ధాంత గ్రంథాలలో సాధారణంగా సూత్రం, వివరణ, నాలుగైదు ఉదాహరణలు ఉంటాయి. ఆ ఉదాహరణలు సూత్రానికి సరిపోయేవే అయి ఉంటాయి. సరిపోని పదాలు ఎన్ని ఉన్నాయి, వాటిని పరిశోధకుడు గమనించాడా, గమనించి వదిలివేశాడా అనే విషయం పాఠకుడికి తెలిసే మార్గం లేదు. పరీక్షకుడు సూత్రాన్ని మరో వంద పదాలకు వర్తింపజేసి చూడాలనుకుంటే ఆ శ్రమంతా చేతితోనే చేయవలసి ఉంటుంది. ఫలితంగా ఒక వ్యాకరణ ప్రతిపాదన బలం, అది ఎన్ని పదాలకు నిలబడుతుందనే దానికన్నా, ఎంత ఒప్పించేలా రాశారనే దానిపై ఆధారపడుతోంది.

సూత్రాన్ని యంత్రం నడపగల నియమంగా రాసి, ఆ నియమాన్ని వివరణతో పాటే పాఠకుడి చేతికి అందించగలిగితే ఈ పరిస్థితి మారుతుంది. ఇందుకు రెండు సాధనాలు అవసరం. ఒకటి, సూత్రాన్ని సూత్రంలాగే రాయగలిగే భాష. రెండు, ఆ రాతను వివరణతో కలిపి చూపే పత్రం. మొదటిదానికి ప్రోలాగ్, రెండవదానికి నోట్‌బుక్ తగినవి.

2. నోట్‌బుక్ పుట్టుపూర్వోత్తరాలు:

ప్రోగ్రాంను యంత్రం కోసం మాత్రమే కాక మనిషి చదవడం కోసం రాయాలనే ఆలోచనను డొనాల్డ్ క్నూత్ 1984లో ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ పేరుతో ప్రతిపాదించాడు. వివరణ ప్రధానంగా, కోడ్ దానిలో భాగంగా ఉండాలన్నది ఆయన అభిప్రాయం. 1988లో విడుదలైన మాథమాటికా సాఫ్ట్‌వేర్ నోట్‌బుక్ అనే రూపాన్ని ప్రవేశపెట్టింది. ఫెర్నాండో పెరెజ్ 2001లో ప్రారంభించిన ఐపైథాన్‌కు 2011లో బ్రౌజర్‌లో పనిచేసే నోట్‌బుక్ తోడైంది. 2014లో ఆ పథకం ఒక్క పైథాన్‌కే పరిమితం కాకుండా జుపిటర్‌గా విస్తరించింది. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లను గుర్తుచేసేలా ఆ పేరు పెట్టారు.

జుపిటర్ నిర్మాణంలో తక్కువ ప్రచారం గల భాషలకు మేలు చేసిన అంశం ఒకటుంది. పాఠకుడు చూసే పేజీ వేరు, కోడ్‌ను నడిపే భాగం వేరు. నడిపే భాగాన్ని కెర్నల్ అంటారు. పేజీకి, కెర్నల్‌కు మధ్య సందేశాలు ఏ రూపంలో నడవాలో ముందే నిర్ణయించారు. అందువల్ల ఒక చిన్న భాషకు చెందినవారు ఎడిటర్‌ను, ప్రదర్శన వ్యవస్థను కొత్తగా నిర్మించుకోనక్కరలేదు. కెర్నల్ ఒక్కటి రాస్తే చాలు. హాస్కెల్, ఓకామెల్, ఎపిఎల్ వంటి భాషలకు నోట్‌బుక్‌లు లభించింది ఈ మార్గంలోనే.

3. ప్రోలాగ్ భాష స్వభావం:

ప్రోలాగ్ 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో రూపుదిద్దుకుంది. అలెన్ కోల్మెరార్, ఫిలిప్ రూసెల్ దీని రూపకర్తలు. దాని తార్కిక పునాదికి రాబర్ట్ కోవాల్‌స్కీ కృషి తోడ్పడింది. ఫ్రెంచి భాషలో యంత్రంతో సంభాషించాలన్న ప్రయత్నం నుండి ఇది పుట్టిందన్న విషయం భాషా పరిశోధకులు గమనించదగినది. అంటే సహజభాషల విశ్లేషణ ఈ భాషకు తరువాత దొరికిన ఉపయోగం కాదు, దాని జన్మకారణం. 1987లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో యాన్ వీలెమాకర్ మొదలుపెట్టిన స్విప్రోలాగ్ నేడు విరివిగా వాడుకలో ఉన్న ఉచిత రూపం.

సాధారణ ప్రోగ్రామింగ్ భాషలలో ‘ముందు ఇది చేయి, తరువాత అది చేయి’ అని ఆదేశాలు రాస్తారు. ప్రోలాగ్‌లో ‘ఇది నిజం’, ‘ఇవి నిజమైతే అదీ నిజం’ అని రాస్తారు. మొదటి రకం వాక్యాలు వాస్తవాలు, రెండవ రకం వాక్యాలు నియమాలు. వీటిని ఆధారంగా చేసుకొని ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్న ఎన్ని విధాలుగా నిజమవుతుందో అన్ని సమాధానాలను యంత్రం ఒకదాని తరువాత ఒకటి వెదుకుతుంది. వ్యాకరణ సూత్రం కూడా స్వభావరీత్యా ఆదేశం కాదు, షరతుతో కూడిన ప్రకటన. ఫలానాది పరమైనప్పుడు ఫలానా కార్యం జరుగుతుందని అది చెబుతుంది. ఈ పోలిక వల్లనే ఇతర భాషలలో కన్నా ప్రోలాగ్‌లో సూత్రానికి, దాని యంత్రరూపానికి మధ్య దూరం తక్కువగా ఉంటుంది.

4. నోట్‌బుక్‌లో ప్రోలాగ్: రెండు మార్గాలు:

మొదటి మార్గం స్విష్. ఇది స్విప్రోలాగ్‌కు చెందిన వెబ్ వేదిక. బ్రౌజర్ ఉంటే చాలు. కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. దీని నోట్‌బుక్‌లో వివరణకు ఒక రకం సెల్, ప్రోగ్రాంకు ఒక రకం సెల్, ప్రశ్నకు మరో రకం సెల్ ఉంటాయి. ప్రశ్న తనకు పైన దగ్గరలో ఉన్న ప్రోగ్రాం సెల్‌ను ఆధారంగా తీసుకుంటుంది. ఏదైనా ప్రోగ్రాం సెల్‌ను నేపథ్య సెల్‌గా గుర్తిస్తే అది నోట్‌బుక్‌లోని ప్రశ్నలన్నింటికీ అందుబాటులో ఉంటుంది. ఒక సమాధానం వచ్చాక తరువాతిది కావాలా, పది కావాలా, ఆపివేయాలా అని ఎంచుకునే బటన్లు కనిపిస్తాయి.

రెండవ మార్గం జుపిటర్‌కు ప్రోలాగ్ కెర్నల్‌ను జోడించడం. జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్ విశ్వవిద్యాలయంలో తయారైన కెర్నల్ ఇందుకు ఒక ఉదాహరణ. ఇది స్విప్రోలాగ్‌తోను, సిక్స్టస్ ప్రోలాగ్‌తోను పనిచేస్తుంది. దీనిని సొంత కంప్యూటర్‌లో ఏర్పాటు చేసుకోవాలి. శ్రమ కొంత ఎక్కువే అయినా, ఫైళ్ళలో ఉన్న పెద్ద పదకోశాలను చదివించే స్వేచ్ఛ ఇక్కడ ఉంటుంది. బహిరంగ స్విష్ సర్వర్‌లో భద్రత దృష్ట్యా అటువంటి పనులకు ఆంక్షలు ఉన్నాయి.

తరగతి గదిలో పరిచయం చేయడానికి, చిన్న వ్యాసానికి అనుబంధంగా ఇవ్వడానికి స్విష్ అనుకూలం. పెద్ద దత్తాంశంతో చేసే సిద్ధాంత గ్రంథ స్థాయి పనికి సొంత కంప్యూటర్‌లో ఏర్పాటే మేలు.

5. తెలుగు లిపిలో ప్రోగ్రాం రాయడం:

స్విప్రోలాగ్ యూనికోడ్‌ను గుర్తిస్తుంది కనుక నియమాల పేర్లను తెలుగులోనే రాయవచ్చు. అయితే మూడు అంశాలలో జాగ్రత్త అవసరం.

మొదటిది చరరాశుల విషయం. ప్రోలాగ్‌లో పెద్ద బడి రోమన్ అక్షరంతో మొదలయ్యే పేరు చరరాశి, చిన్న బడి అక్షరంతో మొదలయ్యేది స్థిరమైన పేరు. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి భేదం లేదు. అందువల్ల తెలుగు పేరును నేరుగా రాస్తే అది స్థిరమైన పేరుగానే పరిగణింపబడుతుంది. చరరాశి కావాలంటే పేరుకు ముందు అడుగు గీత చేర్చాలి. ‘పూర్వం’ అని రాస్తే అది ఒక పదం. ‘_పూర్వం’ అని రాస్తే ఏ పదాన్నైనా స్వీకరించే స్థానం.

రెండవది గుణింత చిహ్నాల విషయం. పేరు మధ్యలో, చివర ఇవి వచ్చినా ఇబ్బంది లేదు. కాని పూర్ణబిందువు వంటి చిహ్నంతో పేరు మొదలు కాకూడదు. పూర్ణబిందువును విడిగా రాయవలసి వచ్చినప్పుడు కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి.

మూడవది అక్షరానికి, వర్ణానికి, యూనికోడ్ సంకేతానికి గల భేదం. ‘రాముడు’ అనే పదంలో అక్షరాలు 3, యూనికోడ్ సంకేతాలు 6, వర్ణాలు కూడా 6. ‘అతడు’లో అక్షరాలు 3, సంకేతాలు 4, వర్ణాలు 5. ఈ తేడాకు కారణం హల్లులో ఇమిడి ఉన్న అకారానికి ప్రత్యేక సంకేతం లేకపోవడం. పైగా పదాదిన వచ్చే ఉకారానికి 3081, గుణింతంగా వచ్చే కొమ్ముకు 3137 అని వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. వ్యాకరణం ఒకటిగా చూసే ఉకారం యంత్రానికి రెండుగా కనిపిస్తుందన్నమాట. కాబట్టి సంధి నియమాలను లిపి సంకేతాల మీద కాక వర్ణాల మీద రాయడమే సమంజసం. పదాన్ని వర్ణాల జాబితాగా మార్చడానికి మూడు నియమాలు చాలు: హల్లు తరువాత గుణింత చిహ్నం ఉంటే పొల్లు హల్లును, ఆ అచ్చును తీసుకోవాలి, పొల్లు గుర్తు ఉంటే హల్లును మాత్రమే తీసుకోవాలి, రెండూ లేకపోతే హల్లుకు అకారం చేర్చాలి.

వెబ్ నుండి సేకరించిన పాఠాలలో కంటికి కనిపించని విభజక సంకేతాలు కూడా ఉంటాయి. ఒకేలా కనిపించే రెండు పదాలు యంత్రానికి వేరుగా తోచడానికి ఇవి కారణమవుతాయి. వర్ణాలుగా మార్చే ముందే వీటిని తొలగించాలి.

6. ఉకార సంధి: సూత్రం నుండి నియమానికి:

చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం. దీనిని నోట్‌బుక్‌లోని ప్రోగ్రాం సెల్‌లో ఇలా రాయవచ్చు:

అచ్చు(అ).  అచ్చు(ఆ).  అచ్చు(ఇ).  అచ్చు(ఈ).
అచ్చు(ఉ).  అచ్చు(ఊ).  అచ్చు(ఎ).  అచ్చు(ఏ).
అచ్చు(ఐ).  అచ్చు(ఒ).  అచ్చు(ఓ).  అచ్చు(ఔ).

కలుపు([], _జాబితా, _జాబితా).
కలుపు([_తల|_తోక], _జాబితా, [_తల|_మిగతా]) :-
    కలుపు(_తోక, _జాబితా, _మిగతా).

సంధి(_పూర్వం, _పరం, _ఫలం, ఉకారసంధి) :-
    కలుపు(_మూలం, [ఉ], _పూర్వం),
    _పరం = [_తొలి|_],
    అచ్చు(_తొలి),
    కలుపు(_మూలం, _పరం, _ఫలం).

‘కలుపు’ అనేది రెండు జాబితాలను చేర్చే సాధారణ నియమం. ‘సంధి’ నియమాన్ని తెలుగులో చదివితే ఇలా ఉంటుంది: పూర్వపదం ఒక మూలానికి ఉకారం చేరిన రూపమై, పరపదం మొదటి వర్ణం అచ్చు అయితే, మూలానికి పరపదాన్ని చేర్చగా వచ్చేదే ఫలం. ఆ కార్యం పేరు ఉకారసంధి. ‘:-’ అనే గుర్తుకు ‘కింది షరతులు నెరవేరితే’ అని అర్థం. కామా ‘మరియు’ అనే అర్థాన్నిస్తుంది.

దీని కింద ప్రశ్న సెల్‌లో ఇలా అడగాలి:

సంధి([ర్,ఆ,మ్,ఉ,డ్,ఉ], [అ,త్,అ,డ్,ఉ], _ఫలం, _పేరు).

_ఫలం = [ర్,ఆ,మ్,ఉ,డ్,అ,త్,అ,డ్,ఉ], _పేరు = ఉకారసంధి అనే ఒకే ఒక్క సమాధానం వస్తుంది. అంటే ‘రాముడతడు’. కార్యం పేరును కూడా సమాధానంలో పొందడం వల్ల ఏ సూత్రం చేత ఆ రూపం సిద్ధించిందో పాఠకుడికి తెలుస్తుంది.

7. నిత్యం, వైకల్పికం, బహుళం:

బాలవ్యాకరణంలో ఏమ్యాదుల ఇకారానికి సంధి వైకల్పికం. సంధి జరగని పక్షంలో యడాగమం వస్తుంది. దీనికి రెండు నియమాలు రాయాలి:

ఏమ్యాది([ఏ,మ్,ఇ]).

సంధి(_పూర్వం, _పరం, _ఫలం, ఇకారసంధి) :-
    ఏమ్యాది(_పూర్వం),
    కలుపు(_మూలం, [ఇ], _పూర్వం),
    _పరం = [_తొలి|_],
    అచ్చు(_తొలి),
    కలుపు(_మూలం, _పరం, _ఫలం).

సంధి(_పూర్వం, _పరం, _ఫలం, యడాగమం) :-
    ఏమ్యాది(_పూర్వం),
    _పరం = [_తొలి|_],
    అచ్చు(_తొలి),
    కలుపు(_పూర్వం, [య్|_పరం], _ఫలం).

ఇప్పుడు ‘ఏమి’, ‘అంటివి’ అనే పదాలతో ప్రశ్న అడిగితే మొదట ‘ఏమంటివి’, మరో సమాధానం కోరితే ‘ఏమియంటివి’ వస్తాయి. వ్యాకరణ పరిభాషకు, ప్రోలాగ్ ప్రవర్తనకు గల సంబంధం ఇక్కడ స్పష్టమవుతుంది. నిత్యమంటే ఒకే సమాధానం. వైకల్పికమంటే రెండు సమాధానాలు. నిషేధమంటే సమాధానం లేకపోవడం. ఒకే సమాధానం ఇవ్వడానికే అలవాటుపడిన భాషలలో వైకల్పికాన్ని చూపడానికి అదనపు ఏర్పాట్లు చేసుకోవాలి. ఇక్కడ అది భాష స్వభావంలోనే ఉంది.

బహుళం విషయం వేరు. అకార సంధి బహుళమని సూరి చెప్పాడు. ‘మేన’, ‘అల్లుడు’ కలిసినప్పుడు మేనల్లుడు, మేనయల్లుడు అని రెండు రూపాలు ఉన్నాయి. ‘అమ్మ’, ‘ఇచ్చెను’ కలిసినప్పుడు సంధి లేక ‘అమ్మయిచ్చెను’ అవుతుంది. ‘ఒక’, ‘ఒక’ కలిసి ‘ఒకానొక’ కావడం అన్యకార్యం. ఏ పదానికి ఏది వర్తిస్తుందో సూత్రం చెప్పదు. ప్రయోగాన్ని బట్టి తెలుసుకోవాలి. నోట్‌బుక్‌లో రాయబోతే ఈ విషయం తప్పించుకోలేనిదవుతుంది. బహుళమనే మాటను నియమంగా రాయడం సాధ్యం కాదు. పదాల పట్టికలనైనా ఇవ్వాలి, లేదా ఆ పదాలను వేరుచేసే కొత్త షరతునైనా కనిపెట్టాలి. రెండవ పని జరిగితే అది వ్యాకరణానికి నిజమైన చేర్పు. మొదటిదే జరిగినా, బహుళం ఎన్ని పదాల మేరకు విస్తరించిందో లెక్క తేలుతుంది.

8. సరిపోని ఉదాహరణలతో పరీక్ష:

పైన రాసిన ఉకార సంధి నియమం ఉదాహరణలకు సరిపోయింది కనుక సరైనదని భావించడం పొరపాటు. సరిపోవనిపించే పదాలను కూడా పరీక్షకు పెట్టాలి:

పరీక్ష([ర్,ఆ,మ్,ఉ,డ్,ఉ], [అ,త్,అ,డ్,ఉ],
       [ర్,ఆ,మ్,ఉ,డ్,అ,త్,అ,డ్,ఉ]).
పరీక్ష([భ్,ఆ,న్,ఉ], [ఉ,ద్,అ,య్,అ,'ం'],
       [భ్,ఆ,న్,ఊ,ద్,అ,య్,అ,'ం']).

తప్పు(_పూర్వం, _పరం, _వచ్చింది) :-
    పరీక్ష(_పూర్వం, _పరం, _),
    సంధి(_పూర్వం, _పరం, _వచ్చింది, _),
    \+ పరీక్ష(_పూర్వం, _పరం, _వచ్చింది).

‘\+’ అనే గుర్తుకు ‘అది నిరూపణ కాకపోతే’ అని అర్థం. ‘తప్పు’ ఏవో చూపమని అడిగితే యంత్రం ‘భానుదయం’ అనే రూపాన్ని ముందుంచుతుంది. రావలసింది ‘భానూదయం’. ఇది సవర్ణదీర్ఘ సంధి. అలాగే ‘మను’, ‘అంతరం’ అనే పదాలనిస్తే ‘మన్వంతరం’ బదులు ‘మనంతరం’ వస్తుంది. వ్యాకరణం చదివినవారెవరూ ఈ తప్పు చేయరు. కాని వారు చేయకపోవడానికి కారణం సూత్రంలోని మాటలు కాదు, సూత్రం వర్తించే పరిధిని గూర్చి వారికి ముందే ఉన్న అవగాహన. ఆ అవగాహనను కూడా రాసి ఇవ్వమని యంత్రం పట్టుబడుతుంది.

దీనికి తొందరగా తోచే సవరణ, పూర్వపదం తత్సమమైతే ఉకార సంధి జరగదని చేర్చడం. నోట్‌బుక్‌లో ఆ మార్పు చేసి పరీక్షలన్నీ మళ్ళీ నడిపితే ‘భానుదయం’ పోతుంది. దానితో పాటే ‘రాముడతడు’ కూడా పోతుంది. ‘రాముడు’ కూడా తత్సమమే కదా! కాబట్టి భేదం పదం పుట్టుకలో లేదు, రెండు పదాలు కలిసిన తీరులో ఉంది. సంస్కృత వ్యాకరణం ప్రకారం ఏర్పడి తెలుగులోకి వచ్చిన సిద్ధ సమాసంలో సంస్కృత సంధి వర్తిస్తుంది. తెలుగు వాక్యంలో పక్కపక్కన నిలిచిన పదాల మధ్య తెలుగు సంధి వర్తిస్తుంది. అంటే ‘సంధి’ నియమానికి వర్ణాల జాబితాలు మాత్రమే చాలవు, పదాల మధ్య గల సంబంధాన్ని తెలిపే అంశం ఒకటి అదనంగా కావాలి. ఈ నిర్ణయానికి దారితీసింది విజయవంతమైన ఉదాహరణ కాదు, విఫలమైన సవరణ. ఆ సవరణను, అది ఎందుకు విఫలమైందో తెలిపే ఫలితాన్ని నోట్‌బుక్‌లో అలాగే ఉంచడం పాఠకుడికి ఎంతో ఉపయోగకరం.

ద్రుతం విషయంలోనూ ఇదే స్థితి. ‘నన్నున్’, ‘అడిగె’ అనే పదాలకు నన్నడిగె, నన్నునడిగె అని రెండు రూపాలున్నాయి. ప్రథమేతర విభక్తులలోని ఉకారానికి సంధి వైకల్పికం కావడం ఇందుకు కారణం. కనుక విభక్తి సమాచారం కూడా నియమానికి అందాలి.

‘తప్పు’ అనే నియమం రాకూడని రూపాలను మాత్రమే పట్టి ఇస్తుంది. రావలసి ఉండి రాని రూపాలను కనుగొనడానికి దీనికి జంటగా మరో నియమం రాసుకోవాలి.

9. విచ్ఛేదం: నియమాన్ని వెనుకకు నడపడం:

ప్రోలాగ్ నియమాలను ఫలం నుండి పదాల వైపు కూడా నడపవచ్చునని తరచుగా చెబుతారు. ఇది నిజమే కాని ఒక షరతు ఉంది. పై ‘సంధి’ నియమానికి ఫలాన్ని మాత్రమే ఇచ్చి పూర్వ, పర పదాలను అడిగితే సమాధానాలన్నీ ఇచ్చిన తరువాత యంత్రం ఆగదు. మొదటి షరతులో మూలం, పూర్వపదం రెండూ తెలియనివే కావడంతో అది అంతకంతకూ పొడవైన జాబితాలను ఊహించుకుంటూ పోతుంది. తార్కికంగా షరతుల వరుసకు ప్రాధాన్యం లేదు. యంత్రం నడిచే తీరులో మాత్రం ఉంది. విచ్ఛేదానికి వరుస మార్చి వేరే నియమం రాయాలి:

విడదీత(_ఫలం, _పూర్వం, _పరం) :-
    కలుపు(_మూలం, _పరం, _ఫలం),
    _పరం = [_తొలి|_],
    అచ్చు(_తొలి),
    కలుపు(_మూలం, [ఉ], _పూర్వం).

‘రాముడతడు’ అనే రూపాన్ని దీనికి ఇస్తే 5 సమాధానాలు వస్తాయి: రు + ఆముడతడు, రాము + ఉడతడు, రాముడు + అతడు, రాముడతు + అడు, రాముడతడు + ఉ. అచ్చు ఉన్న ప్రతి చోటా విడదీయడానికి సూత్రం అనుమతిస్తోంది. వీటిలో భాషకు చెందినది ఒక్కటే. రెండు భాగాలూ పదకోశంలో ఉండాలనే షరతు చేర్చితే మిగతా నాలుగు తొలగిపోతాయి. సంధి కలపడానికి సూత్రం చాలు. విడదీయడానికి సూత్రంతో పాటు పదకోశం కావాలి. విద్యార్థికి సంధి కలపడం కన్నా విడదీయడం కష్టమనిపించడానికి కారణం కూడా ఇదే. ఫ్రెంచి పండితుడు జెరార్ హ్యూయె సంస్కృత పదవిచ్ఛేదం కోసం ఓకామెల్ భాషలో నిర్మించిన వ్యవస్థ కూడా సంధి నియమాలను పదకోశంతో ముడిపెట్టే పనిచేస్తుంది.

పదకోశం చేర్చినా సమస్య పూర్తిగా తీరదు. ‘రాముడన్న’ అనే రూపాన్ని రాముడు + అన్న అని ఒకే విధంగా విడదీయగలం. కాని ఆ ‘అన్న’ సోదరవాచకమా, క్రియారూపమా అన్నది వాక్యం చూస్తే తప్ప తెలియదు.

10. పరిమితులు:

నోట్‌బుక్ ఉన్నంత మాత్రాన పరిశోధన పునఃపరీక్షకు నిలుస్తుందని చెప్పలేము. గిట్‌హబ్‌లోని సుమారు 14 లక్షల జుపిటర్ నోట్‌బుక్‌లను పరిశీలించిన పిమెంటెల్ తదితరుల అధ్యయనం 2019లో వెలువడింది. వారు నడిపి చూసిన వాటిలో పొరపాట్లు లేకుండా చివరివరకు నడిచినవి సుమారు 24 శాతం. మొదట ఉన్న ఫలితాలే తిరిగి వచ్చినవి సుమారు 4 శాతం మాత్రమే. సెల్‌లను వరుస తప్పి నడపడం, అవసరమైన సాఫ్ట్‌వేర్ వివరాలు ఇవ్వకపోవడం, దత్తాంశాన్ని జతపరచకపోవడం వంటివి ఇటువంటి వైఫల్యాలకు దారితీస్తాయి.

జుపిటర్‌లో కెర్నల్ నడుస్తున్నంతసేపు పాత నిర్వచనాలు దాని జ్ఞాపకంలో ఉంటాయి. ఒక నియమాన్ని పేజీ నుండి తొలగించినా కెర్నల్‌లో అది మిగిలి ఉండవచ్చు. పేజీలో కనిపించని నియమం ఫలితాన్ని నిర్ణయించే ప్రమాదం అందువల్ల ఏర్పడుతుంది. స్విష్‌లో ప్రతి ప్రశ్నా ప్రోగ్రాం సెల్‌లోని పాఠాన్ని కొత్తగా తీసుకొని నడుస్తుంది కనుక ఈ ప్రమాదం తక్కువ. అయితే స్విష్ నోట్‌బుక్ దూరాన ఉన్న సర్వర్‌పై ఆధారపడి ఉంటుంది. ఆ సర్వర్ అందుబాటులో లేనినాడు వ్యాసంలో ఇచ్చిన లంకె నిరుపయోగమవుతుంది.

తక్కువమంది వాడే భాషకు సహజమైన ఇబ్బందులు కూడా ఉన్నాయి. కెర్నల్‌లను కొద్దిమంది నిర్వహిస్తారు. వారు మానుకుంటే సవరణలు ఆగిపోతాయి. సందేహం కలిగితే తీర్చేవారు దగ్గరలో దొరకడం అరుదు. పెద్ద ఎత్తున సేకరించిన పాఠాల గణాంక విశ్లేషణకు పైథాన్‌లో ఉన్నన్ని సిద్ధసాధనాలు ప్రోలాగ్‌లో లేవు. కనుక పదాల పౌనఃపున్యాన్ని లెక్కించడం వంటి పనులకు ప్రోలాగ్‌ను ఎంచుకోవడం వల్ల ప్రయోజనం లేదు. నియమాల పరస్పర సంబంధం ప్రధానమైన చోటనే దాని విలువ.

11. పరిశోధకులకు సూచనలు:

ఒకే పేరు గల నియమాలన్నింటినీ ఒకే సెల్‌లో ఉంచాలి. ప్రతి నియమానికి పైనున్న వివరణ సెల్‌లో ఆధారమైన సూత్రాన్ని, దాని పరిధిని తెలపాలి. సరిపోయే ఉదాహరణలతో పాటు సరిపోని వాటిని కూడా పరీక్షలో చేర్చి, వాటి సంఖ్యను వ్యాసంలో పేర్కొనాలి. సమర్పించే ముందు కెర్నల్‌ను ఆపి, తిరిగి ప్రారంభించి, మొదటి సెల్ నుండి చివరి సెల్ వరకు వరుసగా నడిపి చూడాలి. వాడిన ప్రోలాగ్ రూపం పేరు, దాని వెర్షన్ సంఖ్య, నడిపిన తేదీ నమోదు చేయాలి. నోట్‌బుక్‌లోని నియమాలను, పరీక్షలను మామూలు పాఠ్య ఫైలుగా కూడా భద్రపరచి సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా ఇవ్వాలి. నోట్‌బుక్ వేదికలు మారినా పాఠ్య ఫైలును ఏ ప్రోలాగ్‌తోనైనా స్వల్ప మార్పులతో నడపవచ్చు.

12. ముగింపు:

ప్రోలాగ్ నోట్‌బుక్ తెలుగు వ్యాకరణాన్ని కొత్తగా చెప్పదు. చెప్పినదానిలో చెప్పకుండా మిగిలిన షరతులు ఏవో చూపుతుంది. ఉకార సంధి వంటి సుపరిచితమైన సూత్రంలో కూడా పదాల సంబంధం, విభక్తి, పదకోశం అనే మూడు అంశాలు అంతర్లీనంగా ఉన్నాయని పై ఉదాహరణలు నిరూపిస్తున్నాయి. వ్యాకరణ పండితుడి మనసులో ఉన్న ఆ షరతులు పత్రంలోకి వస్తే తరువాతి పరిశోధకుడు వాటిని ప్రశ్నించగలుగుతాడు, సవరించగలుగుతాడు. పరీక్షకుడు తన సందేహాన్ని ప్రశ్న సెల్‌లో రాసి అప్పటికప్పుడే సమాధానం చూసుకోగలుగుతాడు. కళాశాల స్థాయిలో సంధి పాఠాన్ని ఒక చిన్న నోట్‌బుక్‌తో బోధించి, సూత్రానికి లొంగని పదాలను వెదికే పని విద్యార్థులకు అప్పగించడం ఈ దిశలో తొలి అడుగు కాగలదు.